రెండు బార్లీ గింజల ముడి

అక్టోబరు 3, శుక్రవారం

రెండు గుమ్మాల మధ్య ఎన్నాళ్లు నిలబడతావు? ఇటు రావు, అటు పోవు. తలుపు తీసి పట్టుకొని ఇల్లంతా దుమ్ము నింపుతావు. నిన్నే అడుగుతున్నాను, జవాబు చెప్పు!

ఇవాళ జుమా బయాన్, అదే నా శుక్రవారం ఉపదేశం, ఈ మాటతోనే ఎత్తుకున్నాను. ఫోన్ గ్రూపులో వాయిస్ పెట్టిన కాసేపటికే దమ్మామ్‌లో ఉండే మదార్బీ వరసగా ఏడుపు బొమ్మలు పెట్టింది. ఖమీస్ ముషైత్ ఊళ్లో ఉండే ఖాలిదా "బీబక్కా, నా రెక్క పట్టుకొని అడిగినట్టుండాది" అంది. అల్‌హమ్దులిల్లాహ్. అరబ్బుల ఇళ్లల్లో గిన్నెలు తోమే మా తెలుగు ఆడవాళ్లకు వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. నేనేమైనా మదరసాలో చదివానా? బడి మొహమే చూడలేదు. రాయచోటిలో బోండాలు చుట్టిచ్చే పేపరు ముక్కలు కూడబలుక్కొని అక్షరాలు నేర్చాను. ఇప్పుడు తెలుగు ఖుర్ఆన్ చేతికందే చోట లేకపోతే నాకు పొద్దు గడవదు.

అసలు ఆ మాట పుట్టింది మా మేడమ్ వల్ల. నవంబరులో పిల్లల బడికి సెలవులు. అయిదు రోజులు యూరప్ పోయిరావాలని ఈ రియాద్ ఇంట్లో ఒకటే రంపపు కోత. మేడమ్ వియన్నా అంటుంది. ఇంటాయన, మేము బాబా అంటాం, బ్రాటిస్లావా అంటాడు. రెండూ రాజధానులేనట, దేశాలు వేరట, పక్కపక్కనే ఉంటాయట. మేడమ్ చెల్లెలు వియన్నా పోయి రాజుల మేడల ముందు నిలబడి ఫోటోలు దిగి వచ్చింది. ఆ మంట ఈవిడకు ఇంకా చల్లారలేదు. బాబాకు గోల పడదు. చిన్న ఊరు చాలు, నడిచి చూసేయొచ్చు, నది పక్కన కుర్చీ వేసుకొని కాఫీ తాగొచ్చు అంటాడు.

వియన్నా అయితే పిల్లలూ వెళ్తారు, పిల్లలతో నేనూ వెళ్లాలి. బ్రాటిస్లావా అయితే భార్యాభర్తలిద్దరే. అప్పుడు పిల్లల్నీ నన్నూ అల్ ఖర్జ్‌లో మేడమ్ తల్లిగారింట్లో దింపుతారు.

నాకేం! ఏ ఊరి సింకులోనైనా గిన్నెలు గిన్నెలే.

అల్ ఖర్జ్‌లో ఆయేషా ఉంది. ఆ పెద్దావిడ ఇంటికి రెండు వీధులవతల, పాల ఫారంలో పనిచేసే ఒక ఇంజనీరు ఇంట్లో. నా బిడ్డ ఈ దేశానికి వచ్చినప్పటి నుంచి దాని ముఖం ఫోన్‌లో తప్ప నేను చూడలేదు. డిసెంబరులో దాని అగ్రిమెంటు అయిపోయి ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోతుంది. నాది మొన్ననే రెండేళ్లు పొడిగించారు.

అది వేరే విషయం.

అక్టోబరు 5, ఆదివారం

డ్రైవర్ లాల్ అహ్మద్ కూరగాయల సంచీ వంటింటి గుమ్మంలో పెట్టి కదలడు. నిజామాబాద్ మనిషి. నోట్లో మాట ఆగదు.

"ఏందక్కా, ఇంట్ల ఎలక్షన్లు నడుస్తున్నయంట? నువ్వు ఎవలి దిక్కు?"

"నాకేం దిక్కు నాయనా. నేను వంటింటి దిక్కు."

"గా రెండూళ్ల నడుమ రైల్ల పోతే గంట తొవ్వనే అంట. ఫోన్‌ల సూసిన."

నాకు ఒళ్లు మండింది. "గంటేనా? రాయచోటి నుంచి కడపకు పోయినంత దూరమా? దీనికా ఇన్ని దినాల నుంచి ఇద్దరూ కూడు తినకుండా కొట్లాడేది? పొద్దున ఒక ఊరు, మాపున ఒక ఊరు చూసి రాగూడదా?"

"మరి గీ రియాద్‌కెల్లి అల్ ఖర్జ్ గూడ గంటనే గదా" అన్నాడు.

నేను కొత్తిమీర కాడలు తుంచుతున్నాను. తల ఎత్తలేదు. వాడు తాళాలు గలగలలాడించుకుంటూ పోయాడు.

వాడికి ఆయేషా సంగతి తెలుసు. మేడమ్‌కు తెలియదు. తల్లీకూతుళ్లు ఒకే దేశంలో ఉన్నారని ఇళ్లవాళ్లకు తెలిస్తే, ఇద్దరూ కలిసి పారిపోతారని అనుమానపడతారు, నోరు మూసుకోండి అని ఏజెంటు ఒట్టు వేయించుకున్నాడు. రంజాన్ పండక్కి మేడమ్ వాళ్లు అల్ ఖర్జ్ పోతుంటే "అక్కడ గాలి మంచిదంట కదా మేడమ్" అన్నాను. "దుమ్ము" అంది ఆవిడ. నన్ను ఇక్కడే ఉంచి పరదాలన్నీ ఉతికించింది.

అక్టోబరు 6

వియన్నా.

అక్టోబరు 7

పొద్దున బ్రాటిస్లావా. సాయంత్రం అసర్ నమాజు వేళకు మళ్లీ వియన్నా.

అక్టోబరు 8, బుధవారం

వీసా సంగతి ఒకటి కొత్తగా వచ్చి పడింది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు పడుకుంటారో ఆ దేశం వాళ్ల దగ్గరే వీసా అడగాలట. కాబట్టి ముందు ఊరు తేలాలి. బాబా అన్నం పళ్లెం ముందు చెప్తున్నాడు, నేను లబన్ మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాను.

"అయితే అక్కడ రెండు రాత్రులు, ఇక్కడ రెండు రాత్రులు ఉందాం" అంది మేడమ్.

"మరి అయిదో రాత్రి?"

"నది మీద పడవలో."

బాబా చెంచా కింద పెట్టి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను కూడా పట్టుకునేదాన్నే, చేతుల్లో గ్లాసులున్నాయి.

చివరికి ఆవిడ తీర్పు: "బుక్రా చూద్దాం, ఇన్‌షా అల్లా." రేపు! ఎప్పుడూ రేపే! సోమరితనానికి అల్లా పేరు కప్పుతారు, చినిగిన దుప్పటికి పట్టు అంచు కుట్టినట్టు. ప్రవక్త యూనుస్ నబీ పోవలసిన ఊరు విడిచి వేరే దిక్కు పడవెక్కితే చేప మింగింది. అది నబీ సంగతి. అటూ పోక, ఇటూ పోక, సోఫాలో కూర్చొని ఫోన్ చూసేవాళ్లను మింగడానికి చేపకైనా మనసొప్పుతుందా?

నాకు కోపం వచ్చేది ఆ మనుషుల నిలకడలేనితనం చూసి. ఏ ఊరైతే నాకేం.

అక్టోబరు 10, శుక్రవారం

ఇవాళ సజ్దాలో నుదురు నేలకు ఆనించి "యా అల్లా, బ్రాటిస్లావా" అన్నాను. నోరు తిరగని పేరు. పక్కన ఎవరైనా ఉండి వింటే నాకు గాలి సోకిందనుకునేవాళ్లు.

బయాన్ ఇస్తిఖారా మీద చెప్పాను. జిద్దాలో షరఫియా దగ్గర పనిచేసే మహబూబ్బీ నిన్న అడిగింది: "అక్కా, నా కొడుక్కి రెండు పనులొచ్చినాయి, ఏది మేలో తేలకుండా ఉండాది. నువ్వు ఇస్తిఖారా చేసి, కలలో ఏం కనపడిందో చెప్పక్కా." మా వైపు ఇదొక జబ్బు. దారి చూపమని రెండు రకాతులు నమాజు చేసుకొని, ఎవరి గుండె వాళ్లు అల్లా ముందు పెట్టుకోవలసిన పని అది. దాన్ని కూడా కూలికి ఇచ్చినట్టు ఇంకొకరికి అప్పజెప్తారు. ఆ ఇంకొకరు పొద్దున్నే లేచి పచ్చ గుర్రం కనబడింది, తెల్ల పావురం కనబడింది అని కథలు చెప్తారు.

ఉతికి ఆరేశాను. "నీ ఆకలికి నేను కూడు తింటే నీ కడుపు నిండుతుందా మహబూబ్బీ? కల రావాలని ఎవరు చెప్పారు నీకు? చూడని కలను చూశానని చెప్పినోళ్లకు రేపు తీర్పు దినాన ఏం శిక్షో తెలుసునా? రెండు బార్లీ గింజలు చేతికిచ్చి, ఈ రెండింటికీ ముడి వెయ్యి అంటారు. గింజకు ముడి పడుతుందా? పడదు. వేస్తానే ఉండాల!"

చెప్తుంటే నా గొంతు నాకే జలదరింపు పుట్టించింది. అందరూ ఆమీన్ పెట్టారు.

ఆయేషా విడిగా మెసేజ్ చేసింది: "అమా, మీవోళ్లు ఏ ఊరు?"

ఇంకా తేల్లేదు అని చెప్పాను.

అక్టోబరు 12, ఆదివారం

నిన్న సాయంత్రం మేడమ్ వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"బీబీ, నా తల పగిలిపోతోంది. నువ్వు ఒక్క నమాజు విడవవు. నా బదులు నువ్వు ఇస్తిఖారా చెయ్యి. పొద్దున ఏం కల వచ్చిందో చెప్పు. ఖలాస్, ఆ ఊరికే పోదాం."

"ఎవరిది వాళ్లే చేసుకోవాల మేడమ్." ఆ మాట అన్నాను. అన్నానని ఇక్కడ రాసుకుంటున్నాను.

"నా మనసు నిలవదు బీబీ. నీది నిలుస్తుంది" అని లేచి వెళ్లింది.

నమాజు చేశాను. పడుకున్నాను. బండరాయిలా నిద్రపోయాను.

ఈ పొద్దున రొట్టె పెనం మీద ఉండగానే వచ్చింది. "ఏం చూశావు?"

"గుట్ట మీద తెల్ల కోట మేడమ్" అన్నాను. "నాలుగు మూలలా నాలుగు బురుజులు. తిరగేసిన మంచం కోళ్ల మాదిరి. కింద నది. చూస్తాంటే మనసుకు చల్లగా ఉండింది."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. ఫోన్ తీసి, వెతికి, నా ముఖం ముందు పెట్టింది. "ఇదేనా?"

"ఇదే."

కాక ఏమవుతుంది? బాబా ఆ బొమ్మను ఎన్నాళ్ల నుంచో అందరికీ చూపిస్తూనే ఉన్నాడు. నేను బల్ల తుడిచేటప్పుడల్లా అది ఆయన ఫోన్‌లో మెరుస్తూనే ఉంటుంది.

అబద్ధమా అంటే, కాదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కోట కనబడుతోంది. మూసిన కళ్లకు కనబడేదే కదా కల! నిద్రలోనే కనబడాలని మేడమ్ అడగలేదు. పైగా వియన్నాకు పోతే అంగళ్ల వెంట తిరిగి వృథా చేసుకుంటారు. ఒక ముస్లిం సోదరిని వృథా నుంచి కాపాడడం మంచిపనే. ఇంట్లో పోట్లాట కూడా ఆగుతుంది.

బార్లీ గింజల మాట చెప్పింది వేరే రకం మనుషుల గురించి.

ఆయేషాకు ఫోన్ చేసి "ఇన్‌షా అల్లా, సెలవుల్లో వస్తా బిడ్డా" అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

అక్టోబరు 13, సోమవారం

మేడమ్‌కు ఒక పిన్ని ఉంది. కలలకు అర్థాలు చెప్పడంలో ఆవిడ మాటంటే వీళ్ల బంధువులందరికీ గురి. నా కలను మేడమ్ ఆవిడకు ఫోన్‌లో చెప్పింది, స్పీకరు పెట్టి, బాబా వింటుండగా. నేను గహ్వా, వీళ్ల ఏలకుల కాఫీ, పోస్తున్నాను.

"తెల్ల కోట మేలు" అంది పిన్ని. "కింద నీళ్లు దీవెన. ఆ ఊరికే పోండి. అయితే కల చూసిందెవరు? పనావిడా? అలాగైతే ఆ దీవెన ఆవిడ కాళ్ల వెంట నడుస్తుంది. ఆమెను వదిలి పోయారా, దీవెన కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. పిల్లల్నీ ఆమెనూ వెంటబెట్టుకొని పోండి."

గహ్వా కప్పు, ఫింజాన్, నిండి పళ్లెంలోకి పొర్లింది. మేడమ్ నవ్వుతూ నా భుజం తట్టింది. "చూశావా బీబీ, నువ్వు లేకుండా పోము! ఒక పూట రైలెక్కి వియన్నా కూడా చూసొద్దాం." బాబా నా వైపు చూసిన చూపు! ఆయనకు ఊరు దక్కింది, ప్రశాంతత పోయింది. నాకూ అంతే. అడిగిన ఊరు దక్కింది.

లాల్ అహ్మద్ కారు కడుగుతూ కేక వేశాడు: "గెలిచినవ్ గదా అక్కా! ఇగ బ్రాటిస్లావాల బోళ్లు తోముడే!"

గుడ్డ తీసుకొని వాడి మీదికి విసిరాను. తగల్లేదు.

అక్టోబరు 14

వీసాకు ఫోటో తీశారు. నవ్వకూడదన్నారు. ఆ చిక్కేమీ రాలేదు.

అక్టోబరు 15, బుధవారం

మధ్యాహ్నం మేడమ్ పడుకున్నాక ఆయేషాకు అంతా చెప్పాను. కల సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. మొదట నవ్వింది. పగలబడి నవ్వింది.

"అమా, అల్లాను నువ్వు బ్రాటిస్లావా అడిగినావు. ఇచ్చినాడు. నన్ను అడిగింటే నన్ను ఇచ్చుండునేమో."

"ఎగతాళా నీకు?"

"ఎగతాళి గాదు. మీ మేడమ్‌ను నోరు తెరిచి ఒక్కసారన్నా అడిగినావా? నా బిడ్డ ఈడనే ఉండాది, చూసొస్తా అని?"

"ఏజెంటు వద్దన్యాడు గదా."

"ఏజెంటు ఏమన్నా నబీనా?"

నా బయాన్లు విని పెరిగిన పిల్ల, నన్నే పట్టుకుంది. "మూసా నబీ తల్లి బిడ్డను నదిలో ఇడిసినాక ఊరికే కూచోలేదని నువ్వే చెప్పిండావు. పోయి చూసి రాపో అని కూతుర్ని ఎనక పంపింది. ఆ పిల్ల నేరుగా ఫిరౌన్ ఇంట్లోకి పోయి, పాలిచ్చే ఇల్లు నేను చూపిస్తానని నోరు తెరిచి చెప్పింది. అందుకే గదా బిడ్డ తల్లి ఒడికి వచ్చింది? మీ మేడమ్ ఏమన్నా ఫిరౌన్ కన్నా ఘోరమా?"

"కాదు. మంచిదే. మనసు నిలవదు గానీ మంచిదే."

"మరి?"

"వద్దంటే?"

"వద్దంటే ఇప్పుడెట్లుండావో అట్లే ఉంటావు. అడక్కపోతే కూడా అట్లే ఉంటావు."

"ఇప్పుడు ఆ ఊరికి రానంటే కల సంగతీ విప్పాల. కల అబద్ధమని తెలిస్తే నన్ను ఏజెంటు ఆఫీసుకు తిప్పి పంపుతుందే. ఇంట్లో పిల్లల్ని నా చేతుల్లో పెట్టి పోతుంది ఆవిడ. నమ్మకం పోతే ఏముంది?"

ఆయేషా మెల్లగా అంది: "డిసెంబర్‌లో నేను పోతా అమా. నిన్ను చూడకుండానే వచ్చినా. చూడకుండానే పోతానేమో. అంతే."

ఎవరో పిలిచారు కాబోలు, ఫోన్ పెట్టేసింది.

అక్టోబరు 16, గురువారం

పొద్దున మేడమ్ పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే పక్కనే నిలబడ్డాను. "ఏంటి బీబీ?" అంది. "ఏం లేదు మేడమ్, ఉప్పు అయిపోయింది" అన్నాను. ఉప్పు రెండు ప్యాకెట్లున్నాయి.

సాయంత్రం ఇంకోసారి. ఆవిడ ఫోన్‌లో చెల్లెలికి తెల్ల కోట గురించి చెప్తోంది. నా పేరు కూడా చెప్పింది, చాలా గౌరవంగా. వెనక్కి వచ్చేశాను.

వంటింట్లోకి తిరిగి వస్తూ నాకు నేనే చెప్పుకున్నాను: బుక్రా అడుగుదాం, ఇన్‌షా అల్లా.

ఆ మాట నా నోట్లోంచి పైకే వచ్చింది. లాల్ అహ్మద్ గుమ్మంలో ఉన్నాడు, విన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అక్టోబరు 17, శుక్రవారం

బయాన్ పెట్టలేదు. మదార్బీ అడిగింది, ఒంట్లో బాగాలేదా అక్కా అని. మహబూబ్బీ మెసేజ్ పెట్టింది: "నువ్వు తిట్టినాక నేనే నమాజు చేసి దుఆ చేసుకున్నా అక్కా. కల ఏం రాలేదు. కానీ నా కొడుకునే ఎదురుగా కూచోబెట్టుకొని అడిగినా, నీకు ఏ పని ఇష్టం రా అని. చెప్పినాడు." నా మాట విని అది అడిగింది. చెప్పిన నేను ఉప్పు అయిపోయిందన్నాను.

ఈ పుస్తకం మొదటి పేజీకి తిప్పాను. రెండు గుమ్మాల మధ్య ఎన్నాళ్లు నిలబడతావని నా చేతిరాతలోనే పెద్ద అక్షరాలతో ఉంది. మేడమ్‌ను తలుచుకొని అన్నానట. మేడమ్ తేల్చుకోలేనిది రెండు ఊర్ల మధ్య. ఏ ఊరికి పోయినా ఆవిడ పిల్లలు ఆవిడ దగ్గరే ఉంటారు. నేను మాత్రం అల్లా దగ్గర బ్రాటిస్లావా పేరు చెప్పి, మేడమ్ దగ్గర కోట పేరు చెప్పి, ఆయేషా పేరు మాత్రం ఎక్కడా నోటితో పలకలేదు. సజ్దాలో కూడా పలకలేదు. రెండు గింజలూ చేతిలో పెట్టుకొని కూర్చున్నాను. ముడి పడటం లేదు.

ఆదివారం వీసాకు నా వేలిముద్రలు. అవి పడ్డాయంటే నేను ఆ ఊరికి పోవలసిందే. సెలవులు అక్కడే గడిచిపోతాయి. ఆ తర్వాత డిసెంబరు.

అరబ్బీలో మాటలు కూర్చుకున్నాను. మేడమ్, నేను ఏ కలా చూడలేదు. అబద్ధం చెప్పాను, అల్లా నన్ను క్షమించాలి, మీరూ క్షమించాలి. మీరు వియన్నాకు పోండి, బ్రాటిస్లావాకు పోండి. నా బిడ్డ అల్ ఖర్జ్‌లో ఉంది, పేరు ఆయేషా. నన్ను అక్కడ దింపండి. అంతే, ఇంతకన్నా ఎక్కువ అరబ్బీ నాకు రాదు. అవసరమూ లేదు.

తిప్పి పంపితే పంపుతుంది. కసురుకుంటే కసురుకుంటుంది. పిన్నికి ఫోన్ చేసి నా పరువు తీస్తే తియ్యనీ. నేను చూశానని చెప్పిన కోట మీద నా గౌరవం నిలబడి ఉంది. అది కూలితే కూలనీ.

జుమా అయింది. బాబా మసీదు నుంచి ఇంకా రాలేదు. పిల్లలు మేడ మీద ఉన్నారు. మేడమ్ హాల్లో ఒంటరిగా ఉంది, గహ్వాకు పిలుస్తోంది. గహ్వా కూజా దల్లా పొయ్యి మీద ఉంది, ఏలకుల వాసన వస్తోంది.

లే బీబీజాన్! కలం కింద పెట్టు. రేపు అనకు, ఇన్‌షా అల్లాను అడ్డం పెట్టుకోకు, ఉప్పు మాట ఎత్తకు. దల్లా ఎత్తుకో, హాల్లోకి నడువు, ముందు నీ బిడ్డ పేరు చెప్పు. ఇవాళే. మొదటి ఫింజాన్ పోసేలోపే చెప్పు, పో!